గేటు బయట ఉన్న ఫోర్సైత్

(అమెరికాలోని జార్జియా రాష్ట్రం, ఫోర్సైత్ కౌంటీలో కొత్తగా స్థిరపడిన తెలుగు కుటుంబాల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. ఇండియా నుంచి వచ్చి ఇక్కడ మనవల్ని చూసుకుంటున్న అమ్మలూ నాన్నలూ చాలామంది ముందు వరసల్లో కనిపిస్తున్నారు. మీకు ప్రత్యేకంగా నమస్కారం. ఇవాళ చెప్పేదాంట్లో కొంత మీ గురించే.

ఫోర్సైత్‌లో జీవితం గురించి మాట్లాడమన్నారు. ఏ సబ్‌డివిజన్‌కి, అంటే ఇళ్ల కాలనీకి, ఏ హైస్కూలు వస్తుంది, ఏ వైపు ఇళ్ల రేట్లు ఎలా ఉన్నాయి, ఇవన్నీ మీకు నాకంటే బాగా తెలుసు. ఇల్లు కొనేముందే నెలల తరబడి చూసుకుని వచ్చారు కాబట్టి వాటి జోలికి వెళ్లను. నేను చెప్పదలుచుకున్నది ఇల్లు కొన్నాక మనం చూడడం మానేసినవాటి గురించి. మనం ఈ కౌంటీలో ఇళ్లు కొన్నాం గానీ ఈ కౌంటీ మనుషులం ఇంకా కాలేదు. ఆఫీసు, స్కూలు, గుడి, ఇండియన్ స్టోరు, మళ్లీ ఇల్లు. వీటి మధ్య ఉన్న రోడ్లు తప్ప మిగతా కౌంటీ మనలో చాలామందికి తెలియదు. ఇది మారాలని నా కోరిక.

1980లో ఈ కౌంటీ మొత్తం జనాభా 28 వేల లోపు. 2000 నాటికి 98 వేలు దాటింది. 2020 జనాభా లెక్కల్లో 2,51,283. అంటే నలభై ఏళ్లలో తొమ్మిది రెట్లు. అందులో ఆసియా వాళ్లు దాదాపు 18 శాతం, వాళ్లలో ఎక్కువమంది మన భారతీయులే. దక్షిణపు అంచున మెక్‌గిన్నిస్ ఫెర్రీ రోడ్డు దగ్గర మొదలుపెట్టి ఉత్తరానికి వెళ్తూ ఉండండి. అరగంట కారు ప్రయాణంలో సబ్‌డివిజన్లు పలచబడతాయి. కోల్ మౌంటెన్ దాటి మ్యాట్ వైపు వెళ్తే గడ్డి చుట్టలు, ఆవులు, రేకుల కప్పుల పొడవాటి కోళ్ల షెడ్లు కనిపిస్తాయి. అదీ మన కౌంటీయే. మన ఆస్తిపన్నూ వాళ్ల ఆస్తిపన్నూ ఒకే ఖజానాకు పోతాయి.

ఇంకో సంగతి చాలామంది గమనించరు. మన అడ్రసుల్లో కమ్మింగ్ అనో, ఆల్ఫరెటా అనో, సువానీ అనో ఉంటుంది. అది పోస్టాఫీసు పేరు మాత్రమే. ఈ కౌంటీ మొత్తానికి మున్సిపాలిటీ ఒక్కటే, కమ్మింగ్. అది కూడా చిన్నది. మిగతా మనమంతా ఏ ఊరి పరిధిలోనూ లేం. మనకు మేయర్ లేడు, సిటీ కౌన్సిల్ లేదు. మన పక్క స్థలంలో ఇళ్లు వస్తాయా, గోడౌన్ వస్తుందా, మన రోడ్డు ఎప్పుడు వెడల్పవుతుంది, వీటిలో ఎక్కువ భాగం తేల్చేది ఐదుగురు కౌంటీ కమిషనర్లు. రెండున్నర లక్షల మందికి ఐదుగురు. వాళ్లలో మీ డిస్ట్రిక్ట్ కమిషనర్ పేరు తెలిసినవాళ్లు చేతులెత్తండి... సరే. పర్వాలేదు, దించండి. అందుకే ఇవాళ ఇక్కడ కలిశాం.

ఇక్కడి నేల సంగతి చెప్తాను. ఎర్రమట్టి, ఎగుడుదిగుడు నేల. ఒకప్పుడు ఈ వాలు భూముల్లో పత్తి వేసేవారు. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత ఇక్కడి రైతుకు కూడు పెట్టింది కోడి. పక్కన హాల్ కౌంటీలోని గెయిన్స్‌విల్‌ని ప్రపంచ కోళ్ల రాజధాని అని పిలుచుకుంటారు. ఫోర్సైత్ కూడా ఆ కోళ్ల పరిశ్రమలో భాగమే. 1970లలో 400 హైవే అట్లాంటా వైపు నుంచి ఇక్కడిదాకా వచ్చింది. 1993లో ఆ రోడ్డును నగరం లోపలిదాకా పొడిగించారు. ఇక చూడండి, అట్లాంటాలోని బక్‌హెడ్‌లో ఉద్యోగం చేసుకుంటూ ఇక్కడ ఇల్లు కట్టుకోవచ్చని జనానికి అర్థమైంది. కోళ్ల ఫారం ఉన్న నేల రేటు అడుగుల లెక్కకి మారింది.

మాది చేవెళ్ల వైపు. ఔటర్ రింగ్ రోడ్డు వచ్చాక మా చుట్టుపక్కల భూములకు ఏమైందో కళ్లారా చూశాను. మీలో శంషాబాద్, ఇబ్రహీంపట్నం, అమీన్‌పూర్ వైపు వాళ్లకు నేను వివరించక్కర్లేదు. పొలం అమ్మిన రైతును "అమ్ముకున్నాడు" అని తేలిగ్గా అనేస్తాం. ఇక్కడ కమ్మింగ్‌లో ఒక రీజోనింగ్ విచారణలో, అంటే భూమి వాడకం మార్చమని అడిగినప్పుడు జరిగే విచారణలో, నేను విన్నది మీకు చెప్తాను. ఒక పెద్దావిడ, డెబ్బై పైబడిన మనిషి, తన పొలాన్ని బిల్డరుకి ఇవ్వడానికి అనుమతి అడుగుతోంది. ఎదురుగా కూర్చున్నవాళ్లంతా ఆ పక్కనే కొత్తగా ఇళ్లు కొన్నవాళ్లు, అందులో మనవాళ్లే ఎక్కువ. అందరూ వద్దంటున్నారు. ఆవిడ మైకు దగ్గరికి వచ్చి అరవలేదు, తిట్టలేదు. మా ఆయన పోయాడు, పిల్లలు సాగు చేయరు, నా మోకాళ్లు పనిచేయడం లేదు, మీరు ఇవాళ ఉంటున్న ఇళ్లు మా మరిది పొలంలో కట్టినవి, అప్పుడు నేను అడ్డం రాలేదు అంది. గదిలో ఎవరి దగ్గరా జవాబు లేదు.

నా అభిప్రాయం దాచుకోను. నిన్నగాక మొన్న వచ్చి తలుపు వేసేయండి అనడం న్యాయం కాదు. అలాగని అడిగినవాడికల్లా అడిగినన్ని ఇళ్లు కట్టుకోనివ్వడమూ సరికాదు. రోడ్డు ఎంత మోస్తుంది, మురుగు ఎటు పోతుంది, చెట్లెన్ని మిగులుతాయి, స్కూల్లో చోటుందా అని అడగాలి. అడగడానికి పద్ధతి ఉంది, దాని దగ్గరికి వస్తాను.

పొలం పొలంగానే ఉండాలని కోరుకునే రైతుకు జార్జియాలో ఒక దారి ఉంది. పదేళ్లపాటు దీన్ని సాగు కిందే ఉంచుతానని కౌంటీకి ఒప్పందం రాసిస్తే ఆస్తిపన్ను బాగా తగ్గుతుంది. మధ్యలో మాట తప్పితే జరిమానా కట్టాలి. మీ ఇంటి వెనక ఉన్న పచ్చిక బీడు ఇంకా బీడుగా ఉందంటే చాలాసార్లు ఆ కాగితమే కారణం. అది శాశ్వతం కాదు. "వెనకాల ఎప్పటికీ ఏమీ రాదు" అని ఎవరైనా చెప్పి ఇల్లు అమ్మితే నమ్మకండి. ఆ స్థలం జోనింగ్ ఏమిటో కౌంటీ మ్యాపులో మీరే చూసుకోండి. ఏ1 అని ఉంటే వ్యవసాయ భూమి, రేపు ఎవరైనా మార్చమని అడగవచ్చు.

అలాగే వాసన. వసంతంలో రైతులు గడ్డి భూముల్లో కోళ్ల ఎరువు చల్లుతారు. కొన్ని రోజులు గాలి అటు నుంచి వీస్తే కిటికీ తీయలేం. మనవాళ్లు కౌంటీకి ఫోన్లు చేస్తున్నారని విన్నాను. 2022లో రాష్ట్రం ఒక చట్టం చేసింది. చట్టప్రకారం నడుస్తున్న వ్యవసాయం రెండేళ్లు దాటాక, వాసనో చప్పుడో అని దాని మీద న్యూసెన్స్ దావా వేయడం కుదరదు. చట్టం సంగతి అలా ఉంచండి. పేడ వాసన మనకు కొత్తా? మన తాతలు దాన్ని చూసే పంట ఎలా వస్తుందో చెప్పేవాళ్లు.

ఇప్పుడు చెప్పబోయేది చెప్పడానికి కొంచెం బరువుగా ఉంటుంది. పిల్లలు కూడా ఉన్నారు, ఉండనివ్వండి, వాళ్లూ వినాలి.

1910 జనాభా లెక్కల్లో ఈ కౌంటీలో సుమారు 1,100 మంది నల్లజాతి ప్రజలు ఉన్నారు. పదిమందిలో ఒకరు. కౌలు రైతులు, పాలేర్లు, సొంత భూమి ఉన్నవాళ్లు, చర్చీలు కట్టుకున్నవాళ్లు. 1912 సెప్టెంబరులో ఒక తెల్ల అమ్మాయి మీద దాడి జరిగింది, ఆ అమ్మాయి చనిపోయింది. రాబ్ ఎడ్వర్డ్స్ అనే నల్లజాతి యువకుణ్ణి గుంపు జైల్లోంచి ఈడ్చుకొచ్చి చంపి, కమ్మింగ్ నడిబొడ్డున వేలాడదీసింది. ఎర్నెస్ట్ నాక్స్, ఆస్కార్ డేనియల్ అనే ఇద్దరు కుర్రాళ్లను హడావుడిగా విచారించి అక్టోబరులో వేలమంది చూస్తుండగా ఉరి తీశారు. అంతటితో ఆగలేదు. రాత్రుళ్లు గుర్రాల మీద గుంపులు తిరిగాయి. ఇళ్లలోకి కాల్పులు, చర్చీలకు నిప్పు. కొద్ది నెలల్లో ఆ 1,100 మందిలో దాదాపు అందరూ కట్టుబట్టలతో కౌంటీ దాటిపోయారు. కొందరు భూమిని వచ్చినకాడికి అమ్ముకున్నారు. అమ్ముకోలేనివాళ్ల భూములు తర్వాత ఎవరెవరివో అయ్యాయి.

ఆ తర్వాత డెబ్బై ఏళ్లకు పైగా ఈ కౌంటీ తెల్లవాళ్ల కౌంటీగానే ఉండిపోయింది. అనుకోకుండా కాదు, రానివ్వలేదు. 1987 జనవరి 17న, మార్టిన్ లూథర్ కింగ్ జయంతి సందర్భంగా, పౌరహక్కుల నాయకుడు హోసియా విలియమ్స్ ముందు నడవగా చిన్న బృందం ఇక్కడ పాదయాత్ర చేస్తే రాళ్లు, సీసాలు విసిరారు. సరిగ్గా వారానికి, జనవరి 24న, దాదాపు 20 వేల మంది తరలివచ్చారు. కింగ్ భార్య కొరెట్టా స్కాట్ కింగ్ వచ్చారు, పౌరహక్కుల ఉద్యమ నాయకులు జాన్ లూయిస్ వచ్చారు, ఆండ్రూ యంగ్ వచ్చారు. దారి పొడుగునా నేషనల్ గార్డు సైనికులు కాపలా ఉంటే, అంతమంది కమ్మింగ్‌లోకి నడిచారు.

1987 అంటే మీలో కొందరు అప్పటికి పుట్టే ఉన్నారు. ఇది మన జీవితకాలపు చరిత్ర. ఈ ఊళ్లో వినాయక చవితికి డప్పులతో ఊరేగింపు చేసుకుంటున్నాం. చీరలు కట్టుకుని, బొట్లు పెట్టుకుని పార్కుల్లో వనభోజనాలు చేస్తున్నాం. ఎవరూ ఆపడం లేదు. మన రంగు తెల్లది కాదు కదా. ఆ రోజు రాళ్ల దెబ్బలు తిన్నవాళ్లు వాళ్ల కోసమే నడిచినా, వాళ్లు తెరిపించిన తలుపులోంచి వచ్చినవాళ్లలో మనమూ ఉన్నాం. కౌంటీలో నల్లజాతి కుటుంబాలు ఇప్పటికీ బాగా తక్కువే. "ఇక్కడ మంచి క్రౌడ్ ఉంటుంది" అని మనవాళ్లు ఇళ్ల గురించి చెప్పుకుంటుంటే నా గుండె కలుక్కుమంటుంది. ఆ మాట పిల్లల ముందు అనకండి. అసలే అనకండి.

ఊరు కూడా ఊరుకోలేదని చెప్పాలి. రాబ్ ఎడ్వర్డ్స్ హత్య గురించి కమ్మింగ్‌లో ఇప్పుడు ఒక ఫలకం నిలబెట్టారు. ఇక్కడి చర్చీలవాళ్లు కలిసి, వెళ్లగొట్టబడిన ఆ కుటుంబాల వారసుల కోసం 2022లో ఒక స్కాలర్‌షిప్ నిధి మొదలుపెట్టారు. మన సంఘాలు దసరాకు, సంక్రాంతికి ఎంత ఖర్చు పెడతాయో మనకు తెలుసు. అందులో కొంత భాగం ఆ నిధికి వెళ్తే బాగుంటుందని ఈ వేదిక మీద నుంచే అడుగుతున్నాను.

ఇక నీళ్లు. తూర్పున ఉన్న లేక్ లేనియర్‌కి బోటింగ్‌కి వెళ్తాం, చుట్టాలొస్తే చూపిస్తాం. మన కుళాయిలో వచ్చేవి ఆ నీళ్లే. చట్టహూచీ నది మీద బ్యూఫర్డ్ డ్యామ్ కట్టడం 1950లలో పూర్తయింది, ఆ తర్వాత ఈ జలాశయం నిండింది. దాని కింద పొలాలు మునిగాయి, వందల కుటుంబాలు ఇళ్లు ఖాళీ చేశాయి. కర్నూలు, మహబూబ్‌నగర్ జిల్లాల వాళ్లున్నారా? శ్రీశైలం ముంపు గ్రామాల వాళ్లకు ఆ బాధ తెలుసు. జలాశయం నిండు మట్టం 1,071 అడుగులు. 2007 కరువులో అది 1,051 అడుగుల కిందికి పడిపోయింది. పడవలు కట్టేసే చెక్క వంతెనలు ఎర్రమట్టి మీద కూలబడి ఉండడం నేను చూశాను. అప్పటి గవర్నరు సోనీ పెర్డ్యూ అట్లాంటాలో రాష్ట్ర క్యాపిటల్ బయట నిలబడి వాన కోసం బహిరంగ ప్రార్థన చేశారు. ఈ నీళ్ల వాటాల కోసం జార్జియా, అలబామా, ఫ్లోరిడా దశాబ్దాలుగా కోర్టుల్లో కొట్టుకున్నాయి. 2021లో సుప్రీంకోర్టు ఫ్లోరిడా వేసిన కేసు కొట్టేసింది. మన కృష్ణా జలాల తగాదాలాగే ఇదీ పూర్తిగా తెగదు.

మా చేవెళ్ల వైపు ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్‌లను కాపాడడానికి 1996లో 111 జీవో తెచ్చారు. 84 గ్రామాల్లో కట్టడాల మీద ఆంక్షలు. మంచో చెడో పాతికేళ్లు ఆ జీవో చుట్టూ గొడవపడ్డాం, 2022లో ఆంక్షలు తీసేస్తూ ఇంకో ఉత్తర్వు వచ్చింది. చెరువుకు ఎగువన కట్టే ప్రతి ఇల్లూ చెరువు నీటి మీద ప్రభావం చూపుతుందని అక్కడ తెలుసుకున్నాం. ఇక్కడ కూడా అంతే. ఎర్రమట్టిని చదును చేసి వదిలేస్తే ఒక్క పెద్ద వానకు వాగుల్లోకి పోతుంది. అందుకే కొత్త వెంచర్ల చుట్టూ నల్లగుడ్డ కంచె, సిల్ట్ ఫెన్స్, కట్టాలని నియమం. ఆ గుడ్డ చిరిగి పడిపోయి, వాగు టీ రంగులో పారుతుంటే ఫొటో తీసి కౌంటీకి పంపండి. వాళ్లు వచ్చి చూస్తారు, బిల్డరుతో సరిచేయిస్తారు. నేను పంపాను, చేయించారు.

ఇంట్లో చేసేవి రెండు చెప్తాను. పచ్చికకు నీళ్లు పెట్టే స్ప్రింక్లర్లు సాయంత్రం నాలుగు నుంచి పొద్దున్న పదిలోపే నడపాలి, 2010 నుంచి రాష్ట్రమంతా అదే చట్టం. రెండోది, ఉత్తరం వైపు ఇళ్లు కొంటున్నవాళ్లలో చాలామందికి సెప్టిక్ ట్యాంకులుంటాయి. మూడు నుంచి ఐదేళ్లకోసారి తోడించాలి. గారెలు, పూరీలు వేయించిన నూనె సింకులో పోయకండి. అది గడ్డకట్టి, ట్యాంకు దాటి, నేలలో నీళ్లు ఇంకే పైపులను మూసేస్తుంది. ఆ పైపుల మీద తులసికోట కట్టించి, కారు నిలిపి, చివరికి కొత్తగా తవ్వించుకున్న ఇల్లు నాకు తెలుసు. ఎంత ఖర్చయిందో ఆ ఇంటాయన చెప్పలేకపోయాడు. నూనె చల్లారాక సీసాలో పోసి చెత్తలో వేయండి.

అమ్మలూ, నాన్నలూ, మీ సంగతి. ఊళ్లో అయితే చెప్పులేసుకుని వీధిలోకి వెళ్తే పదిమంది పలకరిస్తారు. ఇక్కడ సబ్‌డివిజన్ గేటు దాటితే చాలా రోడ్లకు కాలిబాటే లేదు. అట్లాంటా నగర రైలు మార్టా శాండీ స్ప్రింగ్స్‌లోని నార్త్ స్ప్రింగ్స్ స్టేషన్ దగ్గర ఆగిపోతుంది, మనదాకా రాదు. సిటీ బస్సు లేదు. పిల్లలు ఆఫీసుకెళ్తే సాయంత్రం దాకా నాలుగు గోడలు. కౌంటీ డయల్-ఎ-రైడ్ అని వ్యాన్లు నడుపుతుంది, ముందే ఫోన్ చేసి బుక్ చేసుకోవాలి. లైబ్రరీకి, ఆసుపత్రికి వెళ్లడానికి పనికొస్తుంది. మనలో చాలామందికి ఆ సంగతే తెలియదు. పిల్లలు ఒకసారి దగ్గరుండి చేయించండి, రెండోసారి వాళ్లే చేసుకుంటారు. బిగ్ క్రీక్ గ్రీన్‌వే కాలిబాట మీద పొద్దున పూట నడవండి. అక్కడ చేపల గాలంతో కూర్చున్న ఒక ఇక్కడి తాతగారికీ, మా నాన్నకీ ఒకరి భాష ఇంకొకరికి రాకుండానే స్నేహం కుదిరింది. ఇద్దరూ రైతులే. వర్షం గురించి చేతులతో మాట్లాడుకునేవారు.

ఇక ఆ రీజోనింగ్ విచారణ జరిగే గది. రీజోనింగ్ అడిగిన స్థలం దగ్గర రోడ్డు పక్కన ఒక బోర్డు పాతుతారు. మనం గంటకు నలభై మైళ్ల మీద వెళ్తూ చూడం. అది చూస్తే కారు పక్కకు ఆపి ఫొటో తీసుకోండి. ప్రజా విచారణకు కనీసం 15 రోజుల ముందు నోటీసు ఇవ్వాలని రాష్ట్ర చట్టం. ముందు ప్లానింగ్ కమిషన్ విని సిఫారసు చేస్తుంది, తర్వాత ఐదుగురు కమిషనర్లు ఓటేసి తేలుస్తారు. అనుకూలంగా మాట్లాడేవాళ్లకూ, వ్యతిరేకంగా మాట్లాడేవాళ్లకూ, ఒక్కో పక్షానికి కనీసం పది నిమిషాలు ఇవ్వాలి. ఒక్కో మనిషికి పది కాదు, మొత్తం పక్షానికి. ఇది తెలియక ఒకసారి మనవాళ్లు గుంపుగా వెళ్లారు. మొదటి ముగ్గురూ ట్రాఫిక్, ట్రాఫిక్ అని అదే మాట చెప్పేసరికి టైమైపోయింది. మిగతావాళ్లు రాసుకొచ్చిన కాగితాలు చేతుల్లోనే ఉండిపోయాయి.

ఇంకోసారి ఒకమ్మాయి ఒక్కతే మాట్లాడింది. స్కూలు బస్సు ఆగే చోట ఎడమ మలుపుకు లేన్ లేని ఫొటోలు చూపించింది. ఇళ్లు వద్దు అనలేదు. టర్న్ లేన్ ముందు వేయండి, వెనక వైపు ఉన్న చెట్లు యాభై అడుగుల మేర ముట్టుకోకండి, ఈ రెండూ షరతులుగా రాయండి అంది. కమిషనర్లు రాశారు. ఇవాళ ఆ లేన్ ఉంది, ఆ చెట్లున్నాయి.

చాలామంది అంటారు, నేను హెచ్1 వీసా మీద ఉన్నాను, గ్రీన్‌కార్డు ఎప్పటికి వస్తుందో తెలియదు, నా మాట ఎవరు వింటారు అని. ఓటు వేయలేరు, నిజమే. విచారణలో మాట్లాడడానికి పౌరసత్వం అడగరు. ఆ పరిసరాల్లో ఇల్లుంటే చాలు, మీ మాటకు విలువుంది. పౌరసత్వం వచ్చినవాళ్లకు ఇంకో మాట. ఇక్కడ కమిషనర్లు, స్కూలు బోర్డు సభ్యులు ఎవరో చాలాసార్లు మే నెల ప్రైమరీలోనే, అంటే పార్టీల అభ్యర్థులను ఎంచుకునే ఎన్నికలోనే, తేలిపోతుంది. నవంబరు దాకా ఆగితే ఎంచుకోవడానికి ఏమీ మిగలదు. ఇంకొకటి, రీజోనింగ్ దరఖాస్తుకు ముందు రెండేళ్లలో ఏ కమిషనర్‌కైనా మొత్తం 250 డాలర్లు లేదా అంతకు మించి చందా ఇచ్చి ఉండి, రీజోనింగ్‌ని వ్యతిరేకించదలుచుకుంటే, విచారణకు ఐదు రోజుల ముందే ఆ సంగతి ఒక ఫారంలో రాసివ్వాలి. అది మర్చిపోయి మన పెద్దలు కొందరు ఇబ్బంది పడ్డారు.

ఆ ఫారం నమూనా, డిస్ట్రిక్టుల మ్యాపు, డయల్-ఎ-రైడ్ వివరాలు వెనక బల్ల మీద పెట్టాం. వెళ్లేటప్పుడు తీసుకోండి. వచ్చే విచారణకు నేను వెళ్తున్నాను, కారులో చోటుంది, రావాలనుకునేవాళ్లు పేరు రాయండి. ఇప్పుడు మీ ప్రశ్నలు అడగండి. ముందు పెద్దవాళ్లకు మైకు ఇవ్వండమ్మా.